మొదటి డబ్బా

అత్తగారింట్లో చిన్నకోడలి ఉద్యోగానికి పెద్ద గౌరవమేమీ లేదు. పశువుల వ్యాధుల ప్రయోగశాలలో పని అని పెళ్ళికి ముందు నలుగురికీ గొప్పగా చెప్పుకున్నవాళ్ళే, ఆ పని ఏమిటో తెలిశాక చెప్పుకోవడం మానేశారు. మీ చిన్నకోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే బావగారు, అంటే ఆమె భర్తకు అన్నగారు, మొహంలో ఏ మార్పూ లేకుండా "పేడ చదువుతుంది" అనేవారు. విన్నవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది. అందులో సగం నిజమే గనక.

నిజానికి ఆమె చదివేది పేడను కాదు, పశువుల ఒంట్లో దాక్కునే పురుగులను. వాటిలో చాలా జాతులు భూతద్దం కింద పెట్టినా ఒకదానికొకటి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అలాంటప్పుడు వాటి జన్యువులను అడగడం ఒక్కటే దారి. పురుగు చచ్చి, ఎండి, సున్నపు గింజలా గట్టిపడినా దాని డీఎన్‌ఏ ముక్కచెక్కలుగానైనా మిగిలి ఉంటుంది. ఆ ముక్కను బయటికి లాగి, మిషన్‌లో పెట్టి లెక్కలేనన్ని నకళ్ళు తీయించి, ఆ వరుస ఏ జాతితో సరిపోతుందో చూసి తేల్చి చెప్పాలి. ఈ పనిలో ఆమెకు అదురూ బెదురూ లేదు. అత్తగారి ఎదుట కూరలో ఉప్పు వేయాలంటే మాత్రం పక్కవాళ్ళ మొహం చూసేది.

ఒకరోజు కబేళా నుంచి ఐసు పెట్టె ఒకటి వచ్చింది. అక్కడ మాంసం పరీక్షించే డాక్టరు కొన్ని కోడెల దవడ కండల్లోనూ గుండెలోనూ తెల్లటి గింజలు చూశాడు. చాలావరకు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. ముక్కలు కోసి, ఇదేమిటో తేల్చండని పంపాడు. ముక్కలతో పాటు ఆ కోడెల చెవి బిళ్ళలు కూడా పెట్టాడు. బిళ్ళల మీది గుర్తును చిన్నకోడలు చూడగానే పోల్చుకుంది. అవి బావగారి పాడి నుంచి వెళ్ళిన కోడెలు. అంటే అత్తగారి చేతుల మీద పెరిగినవి.

దాచిపెట్టే మనిషి కాదు కాబట్టి, వెంటనే వెళ్ళి ప్రయోగశాల పెద్దమేడమ్‌తో చెప్పేసింది. ఈ పని వేరేవాళ్ళకు ఇమ్మని అడిగింది. పెద్దమేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు ఆలోచించారు. పరీక్ష గొట్టాలకు బంధుత్వాలుండవు గానీ వాటిని పట్టుకునే చేతులకు ఉంటాయన్నారు. చివరికి చిన్నకోడలు ఒకసారి, తను వేరే గదిలో విడిగా ఒకసారి చేసేటట్టు, రెండూ కలిస్తేనే మాట బయటికి వచ్చేటట్టు ఏర్పాటు చేశారు.

కబేళా వాళ్ళు అప్పటికే బావగారికి కబురు పెట్టారు. ఈ గింజలు ఎక్కడినుంచి వచ్చాయో తేలి, అది ఆగిందని తెలిసేదాకా ఆ పాడి పశువులను తీసుకునేది లేదన్నారు. బావగారు మరదలికి ఫోన్ చేశారు. ఆయనకు ఎవరో చెప్పారట, కుక్క కడుపులో ఉండే బద్దెపురుగు వల్ల కూడా ఇలాంటివి వస్తాయని. ఇంకేం, దోషి దొరికినట్టేనని ఆయన తేల్చేశారు. మన పాడి కుక్క అని రాసిచ్చెయ్యమ్మా, దానికి మందు పోయించి కట్టేస్తాను, గొడవ వదిలిపోతుంది అన్నారు. రాసివ్వడం తన చేతిలో లేదని ఆమె ఎంత మెల్లగా చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

కుక్కే అయితే బాగుండునని ఆమెకు మాత్రం లేదా? ఉంది. కానీ కండలో గింజ కనిపిస్తే అనుమానం ముందుగా మనిషి బద్దెపురుగు మీదికే పోతుంది. ఎండిపోయిన గింజను కంటితో చూసి ఒట్టేసి చెప్పలేరు కాబట్టే ఈ పరీక్ష.

ఆమె ముక్కలు నూరింది, కడిగింది, డీఎన్‌ఏ తీసి మిషన్‌కెక్కించింది. పక్కనే ఒక గొట్టంలో వట్టి నీళ్ళు కూడా పెట్టింది. ఆ నీళ్ళలో కూడా పురుగు కనిపిస్తే ఎక్కడో చెయ్యి తడబడిందని అర్థం, చేసిన పనంతా చెత్తబుట్టలోకే. నీళ్ళ గొట్టం ఖాళీగా వచ్చింది. కోడెల ముక్కల్లో పురుగు వచ్చింది. వరుస సరిచూస్తే కుక్క పురుగు దరిదాపుల్లో కూడా లేదు. మనిషి పేగుల్లో తప్ప ఇంకెక్కడా పెద్దదవ్వని బద్దెపురుగు అది. పెద్దమేడమ్ పరీక్ష కూడా అదే చెప్పింది. కుక్క బతికిపోయింది.

ఆదివారం ఆమె టౌను నుంచి అత్తగారింటికి వెళ్ళింది. భర్తకు ఆ రోజు డ్యూటీ ఉండడంతో ఒక్కతే బస్సెక్కింది. అన్నం ముందు చెప్పే కబురు కాదని, అందరూ తిని చేతులు కడుక్కునేదాకా ఆగింది. బావగారు, తోడికోడలు, అత్తగారు హాల్లో కూర్చున్నాక విషయం విడమరిచి చెప్పింది. ఈ పురుగు మనిషి పేగుల్లో నాడాలా పెరుగుతుంది, అప్పుడప్పుడు తెల్లగా ముక్కలుగా తెగి బయటపడుతుంది. దాని గుడ్లు మనిషి నుంచే బయటికి వస్తాయి. చేతికో, నీటికో, మేతకో అంటుకుని దూడ నోట్లోకి పోతే దాని కండలో గింజవుతుంది. ఆ మాంసం సరిగా ఉడకకుండా ఎవరైనా తింటే మళ్ళీ వాళ్ళ కడుపులో పురుగవుతుంది. మధ్యలో మనిషి లేకుండా ఇది సాగదు. వైద్యం సులువే, డాక్టరు రాసిచ్చే మాత్ర వేసుకుంటే పోతుంది. కాకపోతే ఆ మనిషెవరో తెలియాలి.

ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ బావగారి చూపు కిటికీలోంచి బయటికి పోయింది. ఆయన వెనకే తోడికోడలి చూపు పోయింది. చిన్నకోడలు కూడా అటే చూసింది. కిటికీ బయట నిదానం పాల క్యాన్లు కడుగుతున్నాడు.

నిదానం అన్నది అతని పేరు కాదు. చిన్నకోడలు ఆ ఇంటికి రాకముందు నుంచీ అతను ఆ పాడిలో పాలు తీస్తున్నాడు. మాటా నడకా అన్నీ మెల్లగా సాగుతాయని అందరూ అలా పిలవడం అలవాటైంది. ఈనబోయే ఆవు పక్కన ఎంతసేపైనా విసుక్కోకుండా కూర్చునేవాడు. కొట్టాల వెనక రేకుల గదిలో అతనూ భార్యా ఉండేవాళ్ళు. భార్యలో నిదానం మచ్చుకైనా లేదు. ఆమె నోటికి బావగారు కూడా కాస్త జంకేవారు.

"ఈ ఇంట్లో మనమంతా శుభ్రంగా బతికేవాళ్ళం," అన్నారు బావగారు. "ఎవరి కడుపులో ఉందో మిషన్‌ని అడగాలా? డబ్బా ముందు వాడికివ్వు. ఉందని తేలితే పెట్టేబేడా సర్దుకోమంటాను."

అత్తగారు ఏదో అనబోయి ఆగారు. తర్వాత గిన్నెలు సర్దాలని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. చిన్నకోడలు వాదించలేదు. ఎలాగూ అందరినీ పరీక్షించాల్సిందే, ఎవరిది ముందైతే ఏముంది అనుకుంది. సంచిలోంచి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని కొట్టం వైపు నడిచింది.

అలాంటి విషయం మగమనిషితో మాట్లాడడం ఆమెకు ఉద్యోగంలో అలవాటే గానీ, ఆ పూట మాత్రం అసలు మాటకు నేరుగా రాలేకపోయింది. ముందు కోడెల సంగతి చెప్పింది, తర్వాత పురుగు సంగతి, చివరికి డబ్బా సంగతి. నిదానం క్యాను పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని అంతా విన్నాడు.

"అందరికీనా చిన్నమ్మగారూ, నాకేనా?" అని అడిగాడు.

"అందరికీనే. ముందు నువ్వివ్వు."

అతను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, సరేనని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి బావగారు అతన్ని పాలు తీయనివ్వలేదు. గడ్డి కొయ్యమని పంపారు. తేలేదాకానే, ఇంకేం లేదు అని పైకి మెత్తగానే చెప్పారట. ఇలాంటి మాట దాచితే దాగుతుందా? గడ్డి కోసేవాళ్ళు నిదానం కుండలో నీళ్ళు తాగడం మానేశారు. ఒకడు అతని కొడవలి తీసుకోబోయి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. అతని భార్య వీధి కొళాయి దగ్గరికి వెళ్తే ముందున్నవాళ్ళు ఎన్నడూ లేని మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చారు. ఈ సంగతులన్నీ చిన్నకోడలికి తోడికోడలు ఫోన్లో చెప్పింది. పాపం అంటూనే చెప్పింది.

నిదానం డబ్బాలో పురుగు జాడే లేదు. చిన్నకోడలికి ఎంత హాయిగా అనిపించిందో, వెంటనే ఫోన్ చేసింది. బావగారు అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. ఒక్కసారి చూసి చెప్పేయడమేనా అన్నారు. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఆ పురుగు రోజూ గుడ్లు వదలదు, ఒకసారి చూసి వదిలేయకూడదు. రెండో డబ్బా తెప్పించింది. అందులోనూ ఏమీ లేదు. అయితే వాడి పెళ్ళానికి ఉంటుందన్నారు బావగారు. నిదానం భార్య తన డబ్బాను తనే ప్రయోగశాలకు పట్టుకొచ్చి, చిన్నకోడలి బల్ల మీద టక్కున పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అంత నోరున్న మనిషి మాట్లాడకుండా వెళ్ళడం చూసి చిన్నకోడలికి భయమేసింది. అందులోనూ ఏమీ లేదు.

"అయితే మీ మిషనే తప్పు చెబుతోంది," అన్నారు బావగారు, ఆమె మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు.

చిన్నకోడలు ఆ ఇంట్లో గొంతు పెంచి ఎరగదు. అప్పుడు కూడా పెంచలేదు. మిషన్ తప్పు కాదని, ఇక మిగిలింది మనమేనని మాత్రం అంది. సంచిలోంచి డబ్బాలు తీసి ఒక్కొక్కరి ముందు పెట్టింది.

ఆ డబ్బాలు ఆమె చేతికి తిరిగి వచ్చిన తీరు చూస్తే నవ్వొస్తుంది. బావగారు తన డబ్బాను పాత పేపర్లలో పొరల మీద పొరలు చుట్టి, దారం కట్టి, ఎవరూ చూడకుండా ఆమె సంచిలో వేసి మాయమయ్యారు. ఆ పూటంతా మరదలి ఎదుట పడలేదు. తోడికోడలు తన పేరు చీటీ మీద రాయొద్దని, ఏదైనా గుర్తు పెట్టుకోమని బతిమాలింది. చిన్నకోడలు తనదీ తన భర్తదీ కూడా పెట్టింది. అత్తగారి డబ్బా మాత్రం రాలేదు. రేపిస్తాననేవారు. రేపొచ్చాక ఒంట్లో నలతగా ఉందనేవారు. ఈ వయసులో నన్ను ఈ వెధవ డబ్బాలు పట్టుకోమంటావా అని ఒకసారి గట్టిగానే విసుక్కున్నారు.

ఈలోగా కబేళా డాక్టరు ఒక సంగతి చెప్పాడు. ఆ పాడి నుంచి వచ్చిన పశువుల్లో బయట కొనుక్కొచ్చి పెంచినవి కూడా కొన్ని ఉన్నాయట. వాటిలో ఒక్క గింజ కూడా లేదు. అక్కడే పుట్టిన వాటిలోనే ఉన్నాయి. పైగా ఆ గింజలు ఎండిపోయాయంటే, పుట్టిన కొత్తలో ఎప్పుడో ఒంట్లోకి పోయి ఉండాలి. చిన్నకోడలు ఆ మాట మనసులో పెట్టుకుని, డబ్బా కోసం మళ్ళీ అత్తగారింటికి వెళ్ళింది.

అత్తగారు దూడల కొట్టంలో ఉన్నారు. పాడిలో పుట్టిన దూడను తల్లి దగ్గర ఉంచరు, బకెట్లో పాలు తాగడం నేర్పుతారు. అది తల దించి తాగడం దానంతట అది నేర్చుకోదు. తలెత్తి పొదుగు కోసం వెతుకుతుంది. అందుకని పాలల్లో వేళ్ళు ముంచి దాని నోట్లో పెట్టాలి. వేళ్ళు చప్పరిస్తూ ఉండగా చేతిని మెల్లగా బకెట్లోకి దించితే, వేళ్ళతో పాటు పాలూ తాగుతుంది. అత్తగారు ఈ పని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కొడుకుని కూడా రానిచ్చేవారు కాదు, నిదానం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు కూడా ముందురోజు పుట్టిన దూడ ఆవిడ వేళ్ళు పట్టుకుని చప్పరిస్తోంది. తాగు తల్లీ, తాగు, నా బంగారం అని ఆవిడ దానితో మాట్లాడుతున్నారు.

చిన్నకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఈ దృశ్యం ఆమె ఎన్నిసార్లు చూడలేదు గనక. చూసి, మా అత్తగారికి మనుషుల కంటే దూడలంటేనే ముద్దు అని భర్తతో నవ్వుతూ చెప్పుకుంది కూడా. ఇన్నాళ్ళూ నీళ్ళతొట్టి, మేత, రేకుల గది వెనక మరుగుదొడ్డి అని ఏవేవో తలుచుకుంది గానీ ఈ వేళ్ళు ఆమెకు తట్టలేదు.

ఆమె మెల్లగా అత్తగారి పక్కన కూర్చుంది. పురుగు సంగతి ఎత్తలేదు. ఈ ఇంట్లో కూరలో ఉప్పు ఒక్కనాడూ అటూ ఇటూ కాదు, ఎలా తెలుస్తుంది అత్తయ్యా అని అడిగింది. అత్తగారికి ఆ ప్రశ్న నచ్చింది. ఉప్పు చివర్లో చూస్తే ఏం లాభం, ముక్కకు పట్టాలంటే ముందే చూడాలి అన్నారు. పెద్దమాంసం వండినప్పుడు సగం ఉడుకుతుండగానే ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంటారట. పెళ్ళైన కొత్తలో వాళ్ళ అత్తగారు నేర్పింది. నీకూ నేర్పాలనుకున్నాను గానీ నువ్వు వంటింట్లో నిలబడితేగా అని దెప్పారు కూడా. ఆ మాట అంటూనే ఆవిడ ఆగిపోయారు. దూడ నోట్లోంచి వేళ్ళు తీసి చెంగుకు తుడుచుకున్నారు. కోడలి మొహం వైపు చూసి, ఇంట్లోకి వెళ్ళారు. సాయంత్రం చిన్నకోడలు బస్సుకు బయల్దేరుతుంటే డబ్బా ఆమె చేతిలో పెట్టారు.

ఆ డబ్బాను చిన్నకోడలు తను ముట్టుకోలేదు. పెద్దమేడమ్‌కే ఇచ్చేసింది. పెద్దమేడమ్ రెండుసార్లు చేశారు. రెండుసార్లూ ఒకటే జవాబు. కోడెల కండల్లో ఉన్నది, అత్తగారి డబ్బాలో ఉన్నది ఒకటే జాతి. మిగతా ఇంటివాళ్ళ డబ్బాలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఆమె ఫోన్లో చెప్పలేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళింది. అత్తగారు దూడల కొట్టంలోనే ఉన్నారు గానీ దూడలకు దూరంగా, గోడవారగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆవిడ డబ్బా ఇచ్చిన రోజు నుంచీ దూడల్ని ముట్టుకోవడం లేదని, తోడికోడలు ఎలాగో తంటాలు పడి పాలు పడుతోందని తర్వాత తెలిసింది. చిన్నకోడలు పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. ఒంటికి పెద్ద ప్రమాదమేమీ లేదని, డాక్టరు మాత్ర రాసిస్తాడని కూడా చెప్పింది.

అత్తగారు మొదట అడిగిన మాట, దూడలకు నొప్పి తెలిసేదా అని. పెద్దగా తెలియదు అత్తయ్యా అంది చిన్నకోడలు. ఆవిడ తల ఊపారు.

"నాకు అనుమానం ఉండనే ఉంది," అన్నారు. "అప్పుడప్పుడు తెల్లగా ముక్కలు కనిపించేవి. నులిపురుగులే అనుకున్నాను. డాక్టరుకు చెప్పుకోవాలంటే సిగ్గేసింది. నువ్వు ఆ రోజు హాల్లో చెబుతుంటే నాకు లోపల కలుక్కుమంది. పెద్దాడు నిదానం పేరెత్తితే నోరు విప్పలేదు. వాడికే ఉంటే బాగుండు అనుకున్నాను అమ్మాయ్. దేవుడా, వాడికే ఉండాలి అనుకున్నాను."

చిన్నకోడలు ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కుని లేచారు. కొట్టం దాటి, ఇంటి మెట్ల దగ్గర నిలబడి పెద్దకొడుకుని పిలిచారు. ఏమైందని ఆయన అడుగుతున్నా చెప్పకుండా ముందు నడిచారు. వెనక ఆయన, ఆ వెనక చిన్నకోడలు.

రేకుల గది ముందు మూటలు కట్టి ఉన్నాయి. నిదానం బావమరిది వేరే పాడిలో పని మాట్లాడిపెట్టాడని, వ్యాను కూడా రాబోతోందని అప్పుడే వాళ్ళకు తెలిసింది. నిదానం మంచానికి తాడు బిగిస్తున్నాడు. అత్తగారిని చూసి లేచి నిలబడ్డాడు.

"పురుగు నా కడుపులో ఉంది," అన్నారు అత్తగారు. "దూడలకు నా వేళ్ళ నుంచే పోయింది. నీకూ నీ భార్యకూ దాంతో ఏ సంబంధమూ లేదు. అందరి ముందూ చెబుతాను, కొళాయి దగ్గరికి వెళ్ళి కూడా చెబుతాను."

బావగారి మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. ఆయన తల్లి వైపు చూశారు, మరదలి వైపు చూశారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పోనీలే, తేలిపోయిందిగా, రేపటి నుంచి పాలకు వచ్చెయ్ అని నిదానంతో అన్నారు.

నిదానం అత్తగారి వైపు తిరిగాడు. "మాత్ర వేసుకున్నారా అమ్మగారూ?" అని అడిగాడు. ఇంకా లేదు, రేపు డాక్టరు దగ్గరికి వెళ్తానన్నారావిడ. ఆలస్యం చెయ్యొద్దని చెప్పాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అతని భార్య అప్పటిదాకా గిన్నెలు గోనెసంచిలో వేస్తోంది. చేతిలో గిన్నె కింద పెట్టి లేచింది.

"మా ఆయన్ని అడిగిన రోజు మీ ఇంట్లో ఇంతమంది ఉన్నారు. నాకు ఉందేమో అని ఒక్కరైనా అన్నారా అమ్మగారూ?"

బావగారు కల్పించుకోబోయారు. అత్తగారు ఆయన్ని చూపుతోనే ఆపారు. అనలేదు తల్లీ, నేను అనాల్సింది, నేనే అనలేదు అన్నారు. చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఇంట్లో ఆవిడ ఏడవడం చిన్నకోడలు అంతకుముందు చూడలేదు. నిదానం భార్య తిరిగి గిన్నెల ముందు కూర్చుంది.

చిన్నకోడలు ఇక ఆగలేకపోయింది. నిదానం దగ్గరగా వెళ్ళి, తప్పు తనదేనంది. డబ్బా ముందు అతనికే ఇచ్చాననీ, ఎవరిది ముందైనా ఒకటే అనుకున్నాననీ, ఒకటి కాదని ఇప్పుడు తెలిసిందనీ చెప్పింది. ఇంకేం చెప్పాలో తెలియక, నీలో ఏమీ లేదని మిషన్ ఎప్పుడో చెప్పేసింది అన్నా అంది. అతన్ని అన్నా అని పిలవడం ఆమెకు అదే మొదలు.

నిదానం తాడు ముడి బిగించాడు.

"మిషన్‌కి నేనెవరో తెలీదు చిన్నమ్మగారూ," అన్నాడు. "తెలీదు కాబట్టి అది చూసి చెప్పాల్సొచ్చింది. మీకు తెలుసు కదా."

కోపంగా అనలేదు. ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో చెప్పేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే అన్నాడు. రోజూ ఒక పురుగుకూ ఇంకో పురుగుకూ తేడా పట్టే తను, ఇన్నేళ్ళుగా కళ్ళెదుట ఉన్న మనిషిని పోల్చుకోలేకపోయానని చిన్నకోడలికి అర్థమైంది.

వ్యాను వచ్చింది. మంచం ఎక్కించేటప్పుడు బావగారు ఎవరూ అడగకుండానే రెండో వైపు పట్టుకున్నారు. నిదానం వద్దనలేదు. ఆ కొత్త దూడ ఇంకా వేళ్ళు లేకుండా తాగడం లేదని, బకెట్టు కాస్త ఎత్తులో పెట్టి చూడమని బావగారితో చెప్పాడు. బావగారు సరే సరేనని తల ఊపారు.

అత్తగారు గేటు దాకా వాళ్ళతో నడిచారు. నిదానం ముందు సీటులో కూర్చున్నాడు, భార్య వెనక మూటల మధ్య సర్దుకుంది. అత్తగారు వ్యాను పక్కన నిలబడి, వెళ్ళిరండి అన్నారు.

నిదానం తల వంచుకున్నాడు.

"వెళ్తున్నాం అమ్మగారూ," అంది అతని భార్య.